రంగు మార్చకుండా ముఖానికి రంగు వేయడం ఎలా?



వార్షికోత్సవం నాడు మన హాస్టల్లో వంటగది తరువాత ఎక్కువ సందడి ఉండేది మేకప్ గదిలోనే. గది అంటే స్టోర్ రూమే లెండి. బియ్యం బస్తాకు అద్దం ఆనించి, ట్యూబ్‌లైట్ కింద వరుసగా కూర్చోబెట్టి ముఖాలు దిద్దుతాం. కొన్నేళ్ళుగా ఆ రంగుల పెట్టె పట్టుకొని వస్తున్న పాత విద్యార్థినులం మేము. ఈసారి ఆ విద్య మీకే నేర్పుదామని ఈ పాఠం రాస్తున్నాం.

ముందు మా తప్పు చెప్పాలి. మేము పదో తరగతిలో ఉండగా కొల్లేటి లంకల నుంచి వచ్చిన ఒక చెల్లెలికి భరతమాత వేషం వచ్చింది. చామనఛాయ కంటే కాస్త ఎక్కువ నలుపు. "అక్కా, నాకు ఇంకొంచెం ఎక్కువ వెయ్యవా, నేను నల్లగా ఉంటాను కదా" అని అడిగింది. మేము అడిగినంతా వేశాం. స్టేజీ మీదకు వెళ్ళేసరికి ముఖం సున్నం కొట్టిన గోడలా, మెడ, చేతులు తన రంగులో ఉన్నాయి. వెనక వరుసలో నవ్వులు మొదలయ్యాయి. మరుసటి ఏడాది ఎంత బతిమాలినా ఆ పిల్ల స్టేజీ ఎక్కలేదు. ఆమె నలుపులో తప్పేమీ లేదు, మా చేతిలో ఉంది.

అంత దట్టంగా పూసే అలవాటు ఎక్కడిదంటే, పూర్వం కాగడాల వెలుగులో ఆడే ఆటలకు దూరాన కూర్చున్నవారికి ముఖం కనబడాలి. కూచిపూడి భాగవతులు ముఖానికి అర్దళం వాడేవారు. పసుపుపచ్చగా ఉండే ఆ ఖనిజంలో ఆర్సెనిక్ ఉంటుంది, అది విషం. ఇప్పుడు మనకు ఫోకస్ లైట్లున్నాయి. ఆ వెలుతురులో దట్టమైన పూత పెచ్చులా కనబడుతుంది తప్ప అందం రాదు.

ఇక పని క్రమం. ముఖం సబ్బుతో కడిగి, మెత్తగా అద్ది, పది నిమిషాలు ఆగండి. కొబ్బరినూనె రాసి వెంటనే పౌడర్ వేస్తే ముద్దలు కడుతుంది. ఫౌండేషన్ రంగు ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. చాలామంది చేతి వెనక రాసి చూస్తారు, అది సరికాదు. దవడ కింద, మెడ కలిసేచోట చిన్న గీత గీసి గుమ్మం దగ్గరకు వెళ్ళి పగటి వెలుతురులో చూడండి. ఏ గీత కనిపించకుండా కలిసిపోతుందో అదే మీ రంగు. ట్యూబ్‌లైట్ కింద చూస్తే మోసపోతాం. సరిగ్గా కలిసేది దొరక్కపోతే ముదురు ఒకటి, లేత ఒకటి అరచేతిలో కలుపుకోవచ్చు. మన పిల్లల్లో చాలామందికి పసుపు గాని ఎరుపు గాని కలిసిన గోధుమరంగు నప్పుతుంది. గులాబీ ఛాయ ఉన్నది వేస్తే ముఖం బూడిద పూసినట్టవుతుంది.

బఠాణీ గింజంత చాలు. ముఖం మధ్య నుంచి అంచులకు తడి స్పాంజితో అద్దుతూ వెళ్ళాలి, రుద్దకూడదు. చెవులు, మెడ మరవకండి. బుగ్గలకు వేరే డబ్బా అక్కర్లేదు, వేలికొసకు అంటిన లిప్‌స్టిక్ రెండు చుక్కలు పెట్టి చెరిపితే చాలు. పైన పౌడర్ నుదురు, ముక్కు, గడ్డం మీద మాత్రమే.

మన కొల్లేరు గాలి తేమకు పది నిమిషాల్లో చెమట పడుతుంది. అప్పుడు మళ్ళీ పౌడర్ వేయకండి. ముందు మెత్తని గుడ్డతో చెమట అద్ది తీయాలి. సినిమావాళ్ళు టచప్ అనేది ఇదే. ఏలూరు దగ్గరి కొవ్వలిలో 1960లో పుట్టిన విజయలక్ష్మి మద్రాసులో మొదట ఒక నటికి ఈ టచప్ పనే చేసింది. తరువాత సిల్క్ స్మితగా దక్షిణాది అంతటికీ తెలిసింది. ఆమెదీ చామనఛాయే.

కాటుక, లిప్‌స్టిక్ ఒకరివి ఒకరు వాడవద్దు. ఒక్కరికి కళ్ళకలక ఉంటే తెల్లారేసరికి గది మొత్తానికి అంటుతుంది. లిప్‌స్టిక్‌ను శుభ్రమైన పుల్లతో గీరి తీసుకోండి. సంతలో విడిగా అమ్మే సుర్మాలో సీసం ఉండవచ్చు, దాని జోలికి వెళ్ళకండి. కొత్త వస్తువు ఏదైనా ముందురోజే చెవి వెనక రాసి చూడాలి.

ఇప్పుడు అసలు సంగతి. ఏలూరు వెళ్ళినా తాడేపల్లిగూడెం వెళ్ళినా ఫ్యాన్సీ షాపుల్లో తెల్లబడే క్రీములు దొరుకుతాయి. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరులోంచి ఫెయిర్ తీసేసింది గాని, మన ఇళ్ళల్లో ఆ మాట పోలేదు. పెళ్ళిచూపుల దాకా వస్తూనే ఉంది. మాకు ఎక్కువ భయం పేరూ ఊరూ లేని డబ్బాలతోనే. కొన్నిటిలో పాదరసం ఉంటుంది, అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో ఇలాంటి క్రీములు వాడినవారికి కిడ్నీ జబ్బు వచ్చినట్టు డాక్టర్లు గుర్తించారు. 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనలు పాదరసం కలిపిన సౌందర్య సాధనాల తయారీని, దిగుమతిని నిషేధించాయి. డబ్బా మీద తయారీదారు చిరునామా, లైసెన్సు నెంబరు, బ్యాచ్ నెంబరు, గడువు తేదీ లేకపోతే కొనకండి.

ఇంకొన్ని ట్యూబులు మందుల షాపులోవే. తామరకో గజ్జికో ఇచ్చే స్టెరాయిడ్ పూతలు. రెండు వారాల్లో తెల్లబడ్డట్టే ఉంటుంది. ఆ తరువాత చర్మం పలచబడి, మొటిమలు లేచి, ఎండలోకి వెళితే మండుతుంది. మానేస్తే ఇంకా ఎర్రబడుతుంది గనుక పిల్లలు మళ్ళీ అదే రాస్తారు. డాక్టరు చీటీ లేకుండా ఎవరు ఇచ్చినా తీసుకోకండి. ఇప్పటికే వాడుతున్నవారు సిగ్గుపడకుండా వార్డెన్ మేడమ్‌కు చెప్పి ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మం డాక్టరుకు చూపించుకోవాలి. ఎలా మానాలో వారే చెబుతారు.

ఈ ఏడు పాత్రలు పంచేటప్పుడు భరతమాతకు గొంతు చూసి ఎంపిక చేయమని సాంస్కృతిక కమిటీని కోరాం. ఒప్పుకున్నారు. ఆ అమ్మాయికి మేమే మేకప్ వేస్తాం, ముదురు గోధుమరంగు ఫౌండేషన్ ఇప్పటికే కొని ఉంచాం.

నాటకం అయ్యాక అన్నానికి పరుగెత్తకుండా ముందు మేకప్ తీయండి. దూదికి కొబ్బరినూనె రాసి తుడిచి, తరువాత సబ్బుతో కడుక్కోవాలి. తమ్ముళ్ళూ, గమ్‌తో అంటించిన మీసాలను లాగి పీకకండి, నూనెతో నానబెట్టి తీయండి.