పాత వ్యాన్‌కి వేరే ఇంజిన్ వేశారా? ఆయిల్ వేడి చూసుకోండి

మన పంట మనమే టౌన్‌కి తోలుకుంటున్నాం కదా, అందుకే ఈసారి వ్యాన్ సంగతి.

మా పాత వ్యాన్‌కి సెకండ్‌హ్యాండ్ డీజిల్ ఇంజిన్ ఎక్కించాం. ఎండాకాలంలో లోడుతో ఘాట్ ఎక్కి ఆపితే, స్లోలో ఆయిల్ ప్రెషర్ లైటు వెలిగింది. నీళ్ల మీటరు ముల్లు మాత్రం మామూలుగానే ఉంది. నీళ్ల వేడి వేరు, ఆయిల్ వేడి వేరు అని అప్పుడే అర్థమైంది.

ఆయిల్ రాపిడి తగ్గించడమే కాదు, బేరింగులు, పిస్టన్ల వేడిని కూడా లాగేస్తుంది. 90 నుంచి 110 డిగ్రీల మధ్య ఉంటే ఇబ్బంది లేదు. 130 దాటి అలాగే నడిపితే పలచబడి ప్రెషర్ పడిపోతుంది, బేరింగులు పోతాయి.

ఏం చేయాలంటే:

1. ముందు గేజ్ పెట్టి ప్రెషర్ చూపించండి. పంపు, బేరింగులు అరిగి ఉంటే కూలర్ వేసినా లాభం లేదు.
2. ఆయిల్ టెంపరేచర్ మీటరు పెట్టించండి.
3. కూలర్‌ని థర్మోస్టాట్‌తోనే వేయించండి. ఆయిల్ మరీ చల్లగా ఉంటే అందులో చేరిన తేమ ఆవిరైపోదు.
4. కూలర్ ఎదురుగాలి తగిలే చోట ఉండాలి. రెక్కల్లో ఇరుక్కున్న దుమ్ము, గడ్డి శుభ్రం చేస్తుండాలి.
5. నీళ్ల పైపు వాడొద్దు. ఆయిల్ హోస్ వేసి, సైలెన్సర్‌కి దూరంగా కట్టండి.
6. కూలర్‌లోకి కొంత ఆయిల్ పోతుంది. ఇంజిన్ ఆడించి, ఆపి, కాసేపాగి డిప్‌స్టిక్ చూసి తగ్గింది పోయండి.

లైటు వెలిగితే ఇంటిదాకా లాగొద్దు, అక్కడే ఇంజిన్ ఆపండి. బిగించే పద్ధతంతా పై వీడియోలో చూపించాను.