కారుకూ ఊపిరి కావాలి

సామర్లకోట భీమేశ్వరాలయం పంచారామాల్లో ఒకటి. యాత్రికులను తిప్పే కిరాయి కారుంటే ఇల్లు గడుస్తుంది. మరి కారు బాగుండాలి కదా!

ఇంజనుకు పెట్రోలుతో పాటు గాలీ కావాలి. ఎంత గాలి వెళ్లిందో కొలిచేది గాలి సెన్సరు. చాలా కార్లలో ఇది గాలి ఫిల్టరు తర్వాత గొట్టంలో ఉంటుంది. లోపల సన్నని తీగ ఉంటుంది. కరెంటు దాన్ని వేడి చేస్తుంది. గాలి చల్లబరుస్తుంది. దాన్నిబట్టి గాలి లెక్క తెలుస్తుంది. తీగకు దుమ్ము పడితే లెక్క తప్పుతుంది. ఇంజను వణుకుతుంది. పెట్రోలు ఎక్కువ తాగుతుంది. కష్టార్జితం బంకు పాలవుతుంది.

శుభ్రం చేయడం ఎలా?

1. ఇంజను ఆపి, తాళం తీయాలి. చల్లారనివ్వాలి.
2. వైరు ఊడదీసి, సెన్సరు మెల్లగా బయటికి తీయాలి.
3. ఈ సెన్సరు కోసమే అమ్మే స్ప్రే కొట్టాలి. గుడ్డతో తుడవొద్దు. వేలు పెట్టొద్దు. తీగ తెగుతుంది.
4. పూర్తిగా ఆరాకే బిగించాలి.

పెట్రోలుతో కడగొద్దు. స్ప్రే కూడా మండుతుంది. ఆరుబయటే కొట్టాలి. దగ్గర్లో పొయ్యి, బీడీ ఉండకూడదు. పిల్లల్ని రానివ్వొద్దు.

స్ప్రే డబ్బా మీద మంట బొమ్మ ఉంటుంది. అది ఎందుకు వేశారు? ఇంట్లో అందరికీ చెప్పండి.