చెరలోనున్నవారికి వచ్చిన ఉత్తరము

పాఠ్యభాగము: యిర్మీయా 28:1–11, 29:1–14



మన సంఘములో ఒక తల్లి గత సంవత్సరము ప్రభువునందు నిద్రించెను. అమెరికాలోనున్న ఆమె కుమారుడు సమాధి కూడికకు రాలేకపోయెను. వచ్చినయెడల తిరిగి వెళ్లుటకు వీసా ముద్ర సకాలమున దొరకదేమోయని భయపడెను. అతడు పండ్రెండేండ్లుగా గ్రీన్ కార్డు కొరకు వేచియున్నాడు. "అయ్యగారూ, నేను చేసిన తప్పేమి?" అని ఫోనులో ఏడ్చెను. అట్టివారి కొరకును, వారి యింటివారి కొరకును ఈ పాఠము.

1. ఆలస్యమునకు కారణము

అతని తప్పేమియు లేదు. 1990లో చేయబడిన చట్టము ప్రకారము ఉద్యోగమునుబట్టి ఇచ్చు గ్రీన్ కార్డులు ఏటా సుమారు 1,40,000 మాత్రమే. భార్యాబిడ్డలును ఈ లెక్కలోనివారే. పైగా ఏ ఒక్క దేశమువారికిని సాధారణముగా నూటికి 7కు మించి ఇవ్వరు. చిన్న దేశమునకును మన పెద్ద దేశమునకును ఒకటే కొలత. నెలనెలా ప్రకటించు పట్టికలో తేదీ ముందుకు జరుగును, నిలిచిపోవును, ఒక్కొక్కప్పుడు వెనుకకును పోవును. ఈలోగా బిడ్డలకు 21 ఏండ్లు నిండినయెడల తల్లిదండ్రుల దరఖాస్తులోనుండి తొలగిపోవు ప్రమాదమున్నది. కాబట్టి ఇది పాపమునకు శిక్షయనిగాని, విశ్వాసము చాలలేదనిగాని ఎవరును అనరాదు.

2. రెండు స్వరములు

బబులోను కాడి రెండేండ్లలో విరుగునని హనన్యా చెప్పెను. అది వినుటకు తీయని మాట. యిర్మీయా డెబ్బది ఏండ్లని వ్రాసెను. అది చేదు మాట, గాని నిజము. నేడును ఫలాని నెలలో కార్డు వచ్చునని ప్రవచించువారున్నారు, జాగ్రత్త! 29వ అధ్యాయము 11వ వచనమును మనము గోడకు తగిలించుకొందుము గాని 10వ వచనమును చదువము. దేవుని మేలైన తలంపును గూర్చిన ఆ వాగ్దానము డెబ్బది ఏండ్ల మాట వెంబడినే యున్నది. ఆ ఉత్తరము విన్న పెద్దలలో అనేకులు తిరుగు ప్రయాణము చూడలేదు. అయినను దేవుడు వారిని మరువలేదు.

3. వేచియుండువారి పని

ఇండ్లు కట్టుకొనుడి, తోటలు నాటుడి, ఆ పట్టణము కొరకు ప్రార్థించుడి అనునదే ఆ ఉత్తరపు సారాంశము. కార్డు వచ్చిన పిమ్మట బ్రదుకుదుమని జీవితమును మూటగట్టి అటకమీద పెట్టరాదు. అయితే ఊరకుండుటయు విశ్వాసము కాదు. కైసరయలో ఫేలిక్సు లంచము నాశించి పౌలును రెండేండ్లు బంధకములలో ఉంచెను. పౌలు లంచమిచ్చి విడుదల పొందలేదు. తనకు న్యాయముగా గల హక్కును బట్టి కైసరు ఎదుట చెప్పుకొందుననెను (అపొ. కార్య. 24:26–27; 25:11). మనవారును దొంగ కాగితములకు పోక, న్యాయమైన విన్నపములు చేయుచు విసుగక ప్రార్థింపవలెను (లూకా 18:1–8).

4. ఇక్కడనున్న మన పని

ఫోను చేసిన ప్రతిసారి "కార్డు వచ్చినదా?" అని అడుగుట మానుదము. "బాగున్నావా, బాబూ? గుడికి వెళ్లుచున్నావా?" అని అడుగుదము. ఆ తల్లి పెట్టెను కుమారునికి బదులుగా మన యౌవనస్థులు మోసిరి. ఒంటరియైన ఆ తండ్రియొద్దకు ఇప్పుడెవరు వెళ్లుచున్నారు?

ఆలోచింపుడి: నీవు దేనికొరకు వేచియున్నావు? ఆ లోపల దేవుడు నీకిచ్చిన నేటి పనియేది?

ప్రార్థన: ప్రభువా, దూరదేశమున వేచియున్న మా బిడ్డలను, ఇక్కడ వారికొరకు ఎదురుచూచు వృద్ధులను నీ చేతికి అప్పగించుచున్నాము. ఆమేన్.