తాగుడు మానిన పిమ్మట కలుగు దిగులు, నీరసము



తాగుడు మానవలెనని చెప్పువారు మనలో అనేకులు కలరు. 1992వ సంవత్సరమున నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారాపై చేసిన పోరాటమును ఎరుగనివారు లేరు. మన ఇండ్ల ఆడవారును ఈ విషయమై పడిన పాట్లు ఇంతింత కాదు. కాని మానివేసిన మరునాటి నుండి ఆ మనిషికి ఏమగునో చెప్పువారు తక్కువ. ఆ సంగతియే ఈ పాఠము. దీనిని వ్రాయుటకు నాకొక కారణము కలదు. అది నా తప్పు గనుక ముందుగా దానినే చెప్పుచున్నాను.

మా బరంపురము సంఘములో పట్టుచీరలు నేయు సభ్యుడొకడు కలడు. మంచి పనివాడు. పదునైదేండ్లు తాగి, ఒక ఉగాదినాడు మానివేసెను. ఇల్లంతయు సంతోషించెను. సంఘ సమావేశములో మేమును అభినందించితిమి. రెండు నెలలు గడచెను. అతడు తాగలేదు, కాని పనియు సాగలేదు. నాడె చేతబట్టుకొని గుంటలో అట్లే కూర్చుండిపోవుచుండెను. పోగు తెగినచో అతుకుటకు ఓపిక లేదు. రాత్రి నిద్ర రాదు, పగలు లేవలేడు.

అతని భార్య ఆఫీసుకు వచ్చి, "అన్నయ్యా, తాగిన రోజుల్లో కూడా పదిరోజులకో చీర దిగేది. ఇప్పుడు నెల్లాళ్లయినా దిగడం లేదు. మనిషి ఇంట్లో ఉన్నాడు గాని లేనట్టే ఉన్నాడు" అని చెప్పుకొన్నది.

నేను చిట్టా చూచితిని. అతనిని పిలిపించి నలుగురి ఎదుట, "తాగుడు మానేశావు సరే, బద్ధకం ఎప్పుడు మానేస్తావు?" అంటిని. అతడు బదులు చెప్పలేదు. ఆ నెల పట్టునూలు తగ్గించి ఇచ్చితిని. పది దినములు గడువక ముందే అతడు మరల దుకాణమునకు పోయెను. కారణమడుగగా, "తాగితే మళ్లీ మనిషినవుతానేమో అనుకున్నానన్నయ్యా. మానేశాక మనిషిలా లేను" అనెను.

ఆ మాట విన్న పిమ్మట అతనిని పెద్దాసుపత్రికి తీసికొనిపోతిమి. అక్కడి వైద్యుడు చెప్పినదియు, తరువాత నేను చదివి తెలిసికొన్నదియు మీ ముందుంచుచున్నాను. ఇది బద్ధకము కాదు. శరీరమును మెదడును బాగుపడుచుండగా వచ్చు ఒక దశ.

ఎందువలన ఇట్లగును?

మన మెదడులో పనిని నెమ్మదింపజేయు రసాయనములును, వేగపరచు రసాయనములును కలవు. మద్యము మొదటివానికి బలము చేర్చి, రెండవవానిని అణచును. ఏండ్ల తరబడి తాగినచో మెదడు దానికి సరిపోవునట్లు తన్ను మార్చుకొనును. మగ్గమునకు ఒక ప్రక్క బరువు వ్రేలాడుచున్నంతకాలము రెండవ ప్రక్క త్రాడు బిగించి సరిచేసికొన్నట్టిదే ఇది. బరువును తటాలున తీసివేసినచో బిగింపు మాత్రము మిగులును. చేతులు వణకుట, చెమటలు పోయుట, నిద్ర పట్టకుండుట ఈ బిగింపు వలననే.

సంతోషమును తెలియజేయు డోపమిన్ అను రసాయనపు పనియు ఇట్లే మందగించును. అందుచేత పిల్లల మాటలు, ఇష్టమైన కూర, కొత్త అంచు కుదిరిన చీర, వీనిలో దేనియందును రుచి కనిపించదు. మెదడు మెల్లగా కోలుకొనును గాని ఒక్కనాడు కోలుకొనదు.

ఎంతకాలముండును?

ప్రతిదినము ఎక్కువగా తాగువారికి, ఆపిన ఆరు గంటల నుండి ఒక దినము లోపల వణకు మొదలగును. మొదటి రెండు దినములలో మూర్ఛ రావచ్చును. రెండవ దినము మొదలు నాలుగవ దినము వరకు మతి చెదరి, లేనివి కనిపించుటయు కలదు. ఇది ప్రాణాపాయము. అందుచేత అట్టివారు ఇంటిలో తమంతట తాము ఆపరాదు. వైద్యుని ఎదుట ఆపవలెను. విటమిన్ బి-1 లోపమునకు కూడ వైద్యుడు మందిచ్చును. నడక తూలినను, చూపు రెండుగా కనిపించినను, మాట తికమకపడినను వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను.

ఈ దినములు దాటిన పిమ్మట దిగులు మొదలగును. పలువురికి మూడు నాలుగు వారములలో ఇది చాలవరకు తగ్గును. నిద్రలేమి, నీరసము, చిరాకు మాత్రము కొందరికి కొన్ని నెలలుండును. నాలుగు దినములు బాగుండి, ఐదవనాడు మరల క్రుంగుటయు కలదు. దానిని చూచి "ఇక బాగుపడను" అని తలపరాదు.

పాత పడుగు అయిపోయినప్పుడు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా పాతవానికి అతుకుదుము గదా! వేల పోగులు. ఆ దినమున జానెడు గుడ్డయు దిగదు. అంతమాత్రమున ఆ దినము పని జరుగలేదని ఏ నేతగాడైనను అనునా? మానిన తొలి నెలలు అచ్చు అతుకు దినముల వంటివి. ఆనాడు నేను గుడ్డ కొలిచితిని గాని అతుకు చూడలేదు.

మానినవాడు చేయవలసినది

1. మగ్గమునకు వేళ పెట్టుకొనవలెను. మొదట ఉదయము రెండు గంటలు చాలును. చేయి నిలువనినాడు కండెలు చుట్టుట వంటి తేలిక పని చేయవచ్చును. ఎన్ని గజములు దిగినవని కాక, ఎన్ని గంటలు కూర్చుంటినని పుస్తకములో వ్రాసికొనవలెను.

2. వేళకు తినవలెను. ఆకలి వేసినప్పుడు తాగవలెనను కోరిక హెచ్చును. అంబలి, పప్పు, ఆకుకూర, గ్రుడ్డు, ఏది అందుబాటులో నున్న నది. సాయంత్రము తరువాత టీ, కాఫీ తగ్గించవలెను.

3. గుంటమగ్గపు గదులు చీకటివి. ప్రతి ఉదయము అరగంట వెలుతురులో నడువవలెను. నడక దిగులును తగ్గించును, నిద్రకును సాయపడును.

4. రాత్రి నిద్ర పట్టకున్నను ఉదయము ఒకే వేళకు లేవవలెను. నిద్రమాత్రలను సొంతముగా కొని మ్రింగరాదు. వానిలో కొన్ని తాగుడు వలెనే అలవాటు పడును.

5. మజూరీ అందు దినము అపాయకరమైనది. ఆనాడు ఎవరితో ఇంటికి వచ్చునో ముందే నిర్ణయించుకొనవలెను. ఇష్టమైనచో మజూరీని భార్యచేతికి ఇమ్మని సంఘమునకు వ్రాసి ఇయ్యవచ్చును. ఇది అతని ఇష్టముతో జరుగవలెను గాని అవమానపరచి కాదు.

6. మానినవారి సాంగత్యము మేలు. 1935లో అమెరికాలో ఆరంభమైన ఆల్కహాలిక్స్ అనానిమస్ వారి కూటములు మన దేశమున పలు పట్టణములలో జరుగుచున్నవి. రుసుము లేదు, పేరు బయటపెట్టరు.

ఇంటివారు తెలిసికొనవలసినది

"తాగినప్పుడే నయం" అను మాట నోట రానీయరాదు. విసుగులో అన్న మాటయే అయినను, వినువాడు దానిని సలహాగా తీసికొనును. ఏండ్ల తరబడి కష్టపడిన ఇల్లాలికి కోపముండుట న్యాయమే. ఆమెకును చెప్పుకొనుటకు ఒక తోడు కావలెను. కాని అతడు పడుకొనియున్నప్పుడు గతము లెక్కపెట్టుట వలన ఇరువురికిని మేలు కలుగదు. "ఈ రోజు రెండు గంటలు కూర్చున్నావు, చాలు" అన్నచో చాలును.

మరియొక హెచ్చరిక. తాగుడు మాన్పు మాత్రలని కొందరు రహస్యముగా అన్నములో కలిపి పెట్టుచున్నారు. డైసల్ఫిరామ్ అను మందు శరీరములో నుండగా మద్యము తాగినచో గుండె దడ, వాంతులు కలుగును, రక్తపు పోటు పడిపోవును, ప్రాణమునకే ముప్పు రావచ్చును. తాగువానికి తెలియకుండ దానిని ఈయరాదు. కోరికను తగ్గించు నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ అను మందులును కలవు. ఏది ఎవరికి తగునో వైద్యుడే నిర్ణయించవలెను.

ఎప్పుడు వ్యాధియని ఎంచవలెను?

మానిన నెల తరువాత కూడ దినములో ఎక్కువ భాగము దిగులు, దేనిపైనను ఆసక్తి లేకపోవుట, తిండి నిద్రలు చెడుట, "నేను పనికిమాలినవాడను" అను తలపు రెండు వారములు విడువక యున్నచో అది వేరుగా చికిత్స చేయవలసిన వ్యాధి. కొందరికి ఈ వ్యాధి తాగుడుకు ముందునుండియే యుండును. దీనికి మందులు కలవు. గుణము కనబడుటకు కొన్ని వారములు పట్టును. నయమైనదని మధ్యలో సొంతముగా మానరాదు. రక్తహీనత, కాలేయము, థైరాయిడ్, మధుమేహము, క్షయ, వీని పరీక్షలును చేయించవలెను. నీరసమునకు ఇవియు కారణములు కావచ్చును.

చావు మాట ఎత్తినచో వేళాకోళమనుకొనరాదు. ఆ తలపు ఉన్నదాయని సూటిగా అడుగుట వలన కీడు కలుగదు. అతనిని ఒంటరిగా విడువరాదు. రంగుల గదిలోని రసాయనములు, ఇంటిలోని పురుగుమందులు తాళములో నుంచవలెను. వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. కేంద్రప్రభుత్వము 2022లో ప్రారంభించిన టెలిమానస్ వారి 14416 సంఖ్యకు రాత్రింబగళ్లు ఉచితముగా ఫోను చేయవచ్చును. తెలుగు కూడ ఎంచుకొనవచ్చును. మత్తు విడుపు సలహాకు 14446 కలదు.

బరంపురము వారికి ఎం.కె.సి.జి. వైద్యకళాశాల, యానాము వారికి కాకినాడ ప్రభుత్వాసుపత్రి, సోలాపురము వారికి అక్కడి ప్రభుత్వ వైద్యకళాశాల ఆసుపత్రి, కర్ణాటకము వారికి బెంగుళూరు నిమ్‌హాన్స్, తమిళనాడు వారికి చెన్నై కీల్పాకులోని మానసికారోగ్య సంస్థ అందుబాటులో నున్నవి. మానసిక వైద్యుని వద్దకు పోవుట పిచ్చికి గురుతు కాదు. కంటి వైద్యుని వద్దకు పోవుట వంటిదే.

సంఘములు చేయదగినది

మానిన సభ్యునకు మూడు నెలలు నూలు చిన్న మొత్తములుగా ఈయవచ్చును. గడువు తొందర పెట్టకుండవచ్చును. పని తగ్గినదని నలుగురిలో అడుగక, కార్యదర్శి ఇంటికి పోయి అడుగవలెను. అతడు మరల తాగినను పేరు కొట్టివేయరాదు. ఒక పోగు తెగెనని పడుగంతయు కోసివేయము గదా!

మా సభ్యుని సంగతి చెప్పి ముగించెదను. రెండవమారు వైద్యుని పర్యవేక్షణలో మానివేసెను. దిగులుకు కొన్ని నెలలు మందు వాడెను. మొదటి నెలలో ఒక్క చీరయు దిగలేదు. నేను అడుగలేదు. నాలుగవ నెలలో ఒకనాటి ఉదయము ఆఫీసు తలుపు తీయకముందే చీర మడత చంకన బెట్టుకొని అరుగుమీద కూర్చుండియుండెను. "అన్నయ్యా, అంచు చూడు, ఒక్క పోగు తప్పలేదు" అనెను.

చూచితిని. తప్పలేదు. నలుగురి ఎదుట అతనిని అన్న మాటకు ఆ నలుగురి ఎదుటనే క్షమాపణ చెప్పుకొంటిని.