ఖాళీ గిన్నె తిప్పి పంపకు

భద్రాచలం

అమ్మాయీ,

సరిహద్దు అవతలి ఉసూర్ బళ్లో టీచరుగా చేరావని, పిల్లలతో రాయించడానికి పనికొచ్చే పుస్తకమే లేదని రాశావు. బళ్లో హిందీ, ఇంట్లో దొర్లి, సంతలో తెలుగు. అలాంటి పిల్లకి పట్నంలో అచ్చయిన వ్యాసాల పుస్తకం ఇస్తే రైలు ప్రయాణం మీద పది వాక్యాలు బట్టీ పడుతుంది. తునికాకు కోతకి వెళ్లిన పొద్దు గురించి ఒక్క వాక్యం రాయదు.

పుస్తకాలు కొనక్కర్లేదు. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో బొమ్మల కథలు వేలకొద్దీ ఉన్నాయి; గోండీలోనూ ఉన్నాయి. సిగ్నల్ అందిన చోట దింపుకుని ఫోన్లో దాచుకో. ముందు అక్షరాలు మూసి బొమ్మలే చూపించు. పిల్లలు ఇంటి మాటలో కథ చెప్పాక, తమకొచ్చిన అక్షరాల్లో రాయమను. అసలు కథ ఆఖర్న చదువు.

నెట్‌లో ఊరికే దొరికిందల్లా మనదని మాత్రం అనుకోకు. లైసెన్సు చూడు. ఏమీ రాసి లేకపోతే హక్కులు రచయితవే. మన దేశంలో ఆయన పోయాక కూడా 60 ఏళ్లు ఉంటాయి. ‘సీసీ బై’ (క్రియేటివ్ కామన్స్ లైసెన్సు) అని ఉంటే పేరు చెప్పి వాడుకో, మార్చుకో. పక్కన ‘ఎస్ఏ’ ఉంటే నువ్వు మార్చినదీ అదే షరతు మీద పంచాలి. ‘ఎన్‌సీ’ ఉంటే వ్యాపారానికి వాడకూడదు. ‘ఎన్‌డీ’ ఉంటే మార్చి పంచకూడదు, అనువాదమూ అంతే. పేరు చెప్పడమంటే కథ పేరు, రాసినవారు, బొమ్మలేసినవారు, దొరికిన చోటు, లైసెన్సు, నువ్వు మార్చినదేమిటో, అన్నీ చెప్పడం.

పొరుగింటి నుంచి కూర గిన్నె వస్తే ఖాళీగా తిప్పి పంపం కదా! నేను ముప్పై ఏళ్లు రాసుకున్న పాఠాల నోట్సు ఎవరికీ ఇవ్వక ట్రంకు పెట్టెలో దాచాను. ఓ వానాకాలం పోయాక తీస్తే అంతా చెదలు. ఒక తోటి టీచరమ్మ అడిగి పట్టుకెళ్లి, సైక్లోస్టైల్ తీయించి పంచిన ఉత్తరరచన పాఠం ఒక్కటే మిగిలింది. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు సవరల మాట విని నేర్చుకున్నారు. దాన్ని వాళ్ల పిల్లలకే వాచకాలుగా తిరిగి ఇచ్చారు. నేను ఆ పాఠం ఆలస్యంగా నేర్చుకున్నాను.

నువ్వూ కథలు దొర్లిలోకి అనువదించి పంచు. కానీ ఆ అనువాదం ఒక్కటే పెట్టి ఊరుకోకు. పిల్లలు ఏ బొమ్మ దగ్గర తడబడ్డారో, ఏ ప్రశ్నకి నోరు విప్పారో కూడా రాయి. ఇంకో టీచరుకి అదే ఎక్కువ అక్కర. పిల్లల రాతలు పంచేముందు వాళ్లనీ, తల్లిదండ్రులనీ అడుగు. ఫొటోలు, ఇంటి పేర్లు వద్దు. అవ్వ చెప్పిన కథైతే అవ్వనీ, ఊరినీ అడుగు.

మొదటి కథ తయారవగానే నాకు పంపు. తాలిపేరు నది మీ అడవుల్లోంచే మా చర్లకి వస్తుంది. ఆ కథ ఇక్కడి కోయ పిల్లల చేత చదివిస్తాను. వాళ్లు ఏ మాట మార్చమన్నారో నీకు రాస్తాను.

ఉంటాను,
మీ తెలుగు మాస్టారు