వాక్యం – పూర్ణత

గోదావరిఖని భూగర్భ గనులలో షిఫ్టు ముగిసే వేళకు మైనింగ్ సర్దార్ తన తనిఖీ వివరాలను పుస్తకంలో రాసి సంతకం చేస్తాడు. తరువాతి షిఫ్టు వారికి ఆ రాతే ఆధారం. అందులో “రెండవ లెవెల్‌లో పైకప్పును పరీక్షించి” అని మాత్రమే ఉంటే అది వాక్యం కాదు. ‘పరీక్షించి’ క్త్వార్థకం, అసమాపక క్రియ. పరీక్షించి ఏం చేశారు? ఆసరాలు నిలిపారా, దారి మూసివేశారా? ఇలా మిగిలే అపేక్షను ఆకాంక్ష అంటారు. సమాపక క్రియ వచ్చినప్పుడే అది తీరుతుంది. ఆంగ్లంలో “ఆఫ్టర్ టెస్టింగ్ ద రూఫ్” అన్నదీ ఇటువంటి శకలమే. దానిని ఫ్రాగ్మెంట్ అంటారు.

ఇంతవరకు రెండు భాషల దారి ఒకటే. “ఆయన ఓవర్‌మన్” అన్నప్పుడు దారులు వేరవుతాయి. క్రియ లేకున్నా తెలుగులో ఇది సంపూర్ణ వాక్యం. ఆంగ్లంలో ‘ఈజ్’ చేరక తప్పదు. “వచ్చాను” అన్న ఒక్క పదమూ మనకు వాక్యమే. కర్త ఎవరో క్రియ చివరి ప్రత్యయమే తెలుపుతుంది. ‘కేమ్’ అంటే ఎవరు వచ్చారో తెలియదు. విద్యార్థులు రాసే ఆంగ్లంలో కర్త లోపించడానికి తరచుగా ఈ అలవాటే కారణం.

శకలం కంటే ప్రమాదకరమైనది రన్ ఆన్ వాక్యం. రెండు పూర్ణ వాక్యాలను విరామచిహ్నం గాని, సముచ్చయం గాని లేకుండా కలిపివేయడం దీని లక్షణం. ఈ ఉదాహరణ చూడండి: “ద మెన్ లెఫ్ట్ ద గ్యాలరీ ఆఫ్టర్ బ్లాస్టింగ్ ద రూఫ్ ఫెల్.”

‘గ్యాలరీ’ తరువాత పూర్ణవిరామం పెడితే, కార్మికులు గ్యాలరీ విడిచి వెళ్లారు, పేలుడు తరువాత పైకప్పు కూలింది అని అర్థం. ‘బ్లాస్టింగ్’ తరువాత పెడితే, పేలుడు జరిగినప్పుడు వారు లోపలే ఉన్నారన్న అర్థం వస్తుంది. పేల్చే ముందు అందరినీ సురక్షిత స్థలానికి తరలించడం గనులలో తప్పనిసరి నియమం. కాబట్టి ఆ చుక్క ఎక్కడ పడిందన్న దానినిబట్టి నియమం పాటించారా, ఉల్లంఘించారా అన్నది మారిపోతుంది.

అక్కడ కామా చాలదా? చాలదు. “అతడు వచ్చాడు, తిన్నాడు, పడుకున్నాడు” అని తెలుగులో కామాలతో నడిపించవచ్చు. ఆంగ్లంలో రెండు స్వతంత్ర వాక్యాలను కామా ఒక్కటే కలపడం సాధారణంగా దోషం. పూర్ణవిరామమో, సెమికోలనో, ‘అండ్’ వంటి సముచ్చయమో కావాలి. తెలుగుకు మరో సౌకర్యం ఉంది. “గనిలోకి దిగి, పైకప్పును పరీక్షించి, ఆసరాలు నిలిపి, పైకి వచ్చాడు” అన్నప్పుడు కర్త ఒకడే అయినందున నాలుగు పనులు ఒక్క సంశ్లిష్ట వాక్యంలో ఇమిడాయి. ఇది ఎంత పొడవైనా రన్ ఆన్ కాదు. వాక్యదోషాన్ని నిర్ణయించేది పొడవు కాదు, సంధానం.

అభ్యాసం: “షిఫ్టు ముగించుకొని బస్సు ఎక్కుతుండగా” – దీనిని పూర్ణ వాక్యంగా మార్చి, అందులోని అసమాపక క్రియలను గుర్తించండి.