ఏ డేటా ఎక్కడుండాలి?

ఓఎస్ క్లాసులో ఎల్ఆర్‌యూ అందరం నేర్చుకున్నాం. మెమరీ నిండితే చాలాసేపటి నుంచి ముట్టని పేజీని బయటికి పంపాలి. మరి మెమరీయే రెండు రకాలుంటే?

ఇంటెల్ 2019లో ఆప్టేన్ మెమరీని డీర్యామ్ పెట్టే స్లాట్లలోనే పెట్టుకునేలా తెచ్చింది. ఒక్కో మాడ్యూల్ 128 నుంచి 512 జీబీ. కరెంటు పోయినా డేటా పోదు. కానీ డీర్యామ్‌లో ఒక రీడ్‌కి సుమారు 100 నానోసెకన్లయితే, ఇందులో దాదాపు 300.

లెక్క వేద్దాం. 100 రీడ్స్‌లో 90 డీర్యామ్‌లోనే దొరికితే సగటు 120 నానోసెకన్లు. 50 మాత్రమే దొరికితే 200. మెషీన్ అదే, ప్రోగ్రామ్ అదే. మారింది డేటా ఉన్న చోటు ఒక్కటే.

వంటింట్లో పోపుల డబ్బా పొయ్యి పక్కన ఉంటుంది, ఆవకాయ జాడీ అటక మీద ఉంటుంది. ఏది ఎక్కడుండాలో అమ్మకి తెలుసు, ఎందుకంటే వాడేది తనే. ఓఎస్‌కి ఆ సౌకర్యం లేదు. డేటాని వాడేది ప్రోగ్రామ్, సర్దేది ఓఎస్.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. పేజీ డిస్క్‌లో ఉంటే ఫాల్ట్ వస్తుంది, ఓఎస్‌కి తెలుస్తుంది. స్లో మెమరీలో ఉంటే ప్రాసెసర్ నేరుగా చదివేసుకుంటుంది. ఫాల్ట్ రాదు. పేజీ టేబుల్‌లోని యాక్సెస్‌డ్ బిట్ "ముట్టుకున్నారు" అని చెబుతుంది గానీ, ఎన్నిసార్లో చెప్పదు.

అందుకే లినక్స్ ఒక ఉపాయం చేస్తుంది. అప్పుడప్పుడు కొన్ని పేజీలను కావాలనే అందకుండా చేస్తుంది. ప్రోగ్రామ్ వాటిని ముట్టగానే ఫాల్ట్ వస్తుంది. ఎంత త్వరగా వస్తే ఆ పేజీ అంత హాట్ అన్నమాట. అలాంటివాటిని డీర్యామ్‌కి తెస్తుంది.

ఇదేమీ ఉచితం కాదు. ఫాల్ట్‌కి, 4096 బైట్ల పేజీని మార్చడానికి కలిపి 2000 నానోసెకన్లు అనుకుందాం. రీడ్‌కి 200 మిగులుతుంది కాబట్టి, మార్చాక 10 సార్ల కంటే ఎక్కువ వాడితేనే లాభం. లేదంటే ఉన్నచోటే ఉంచడం మేలు.

ఆప్టేన్‌ని ఆపేస్తున్నట్టు ఇంటెల్ 2022లో ప్రకటించింది. ప్రశ్న మాత్రం పోలేదు. ఇప్పుడొస్తున్న సీఎక్స్ఎల్ మెమరీ కూడా ప్రాసెసర్ పక్కనున్న డీర్యామ్ కంటే నెమ్మదే.

ఇందులో మనం చేయగలిగేదీ ఉంది. ఓఎస్ పేజీలనే చూస్తుంది, మన వేరియబుల్స్‌ని కాదు. పేజీలో 8 బైట్లు మాత్రమే తరచూ వాడినా, మిగతా 4088 బైట్లూ దాంతోపాటే డీర్యామ్‌లో కూర్చుంటాయి. కాబట్టి స్ట్రక్ట్ రాసేటప్పుడు తరచూ వాడే ఫీల్డ్స్‌ని విడిగా ఒకచోట పెట్టండి. ఏది హాటో ఓఎస్ ఊహించాలి. కోడ్ రాసిన మనకి చాలాసార్లు ముందే తెలుసు.